తెరమీది అంకె: రోల్ ప్లేయింగ్ గేముల నిర్మాతలకు బహిరంగ లేఖ



మీరు నిర్మించు రోల్ ప్లేయింగ్ వీడియో గేములలో, యుద్ధమునకు సిద్ధమైన వీరుని ప్రక్కన, అతని దెబ్బ శత్రువునకు తగులు అవకాశము 90 శాతమని ఒక అంకె కనబడును. ఆటగాడు ఆ అంకెను చదువుకొని, వీరుని ముందుకు పంపవలెనా, వెనుకకు రప్పించవలెనా యని క్షణకాలము తర్కించి, తుదకు ఆ అంకెపైనే భారము వేసి మీట నొక్కును. అటుపిమ్మట యంత్రములో జరుగు గణన మెట్టిదో అతడెరుగడు. దెబ్బ తగిలినదా, తప్పినదా యను ఫలితము మాత్రమే అతని కంటబడును. అంకెను అక్కడ నిలిపినవారు మీరు. గణన మెరిగినవారును మీరే. చెప్పిన దానికిని జరుగుచున్న దానికిని ఎంత యెడమున్నదో తెలిసికొనుటకు ఆటగాండ్రు ఎన్నో యేండ్లుగా ఆశ్రయించుచున్న ఉపాయము, ఓపికతో ప్రయోగములు చేసి, ప్రతి ఫలితమును వ్రాసికొని, వచ్చిన లెక్కను రావలసిన లెక్కతో సరిచూచుట. సాంఖ్యకశాస్త్రము ఈ పనికి కావలసిన పరీక్షలనెల్ల సిద్ధముచేసి యుంచినది. ఆ పరీక్షలవలన ఏమేమి బయటపడినదో, అవి ఎచ్చట నిస్సహాయములై నిలిచిపోవుచున్నవో, నిలిచిపోయినచోట మీవలన కావలసిన దేమో మనవి చేయుటకు ఈ లేఖ వ్రాయుచున్నాను.

మీరు రహస్యములు దాచుకొనరాదని నా వాదము కాదు. ఏ గుహలో ఏ ఖడ్గ మున్నదో, ఏ గ్రామవృద్ధునితో మరల మాటలాడినచో కథ ఏ మలుపు తిరుగునో, ఏ శత్రువు ఏ మంత్రమునకు లోబడునో ముందే చెప్పివేసినచో ఆటలో ఆట యేమి మిగులును? అవి దాచినకొలది అందము. నేను మాటలాడునది, మీ యంతట మీరే వెలికిదీసి, ఆటగాడు చదువుటకై తెరమీద వ్రాసిన అంకెను గురించి. చెప్పకుండుట వేరు, ఒకటి చెప్పి వేరొకటి చేయుట వేరు. మొదటిది మీ స్వాతంత్ర్యము. రెండవదానికి మీరు జవాబుదారులు.

ఈ విషయమున నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి ఇంటెలిజెంట్ సిస్టమ్స్ వారి ఫైర్ ఎంబ్లెమ్ గేములు. యంత్రము సున్న మొదలు 99 వరకు గల సంఖ్యలలో ఒకదానిని యాదృచ్ఛికముగా తీసి, అది తెరమీది అంకెకంటె తక్కువైనచో దెబ్బ తగిలినట్లు నిర్ణయించునని ఎవరైనను సహజముగా ఊహింతురు. ఆ వరుసలోని పూర్వపు గేములలో జరిగినదియు అదియే. కాని 2002లో గేమ్ బాయ్ అడ్వాన్స్ యంత్రమునకై జపానులో వెలువడిన ‘ది బైండింగ్ బ్లేడ్’ మొదలుకొని, యంత్రము ఒకటికి బదులు రెండు సంఖ్యలను తీసి, వాని సగటును తెరమీది అంకెతో పోల్చసాగెను. రెండు సంఖ్యల సగటు నడుమ చేరుట తరచు, అంచులకు పోవుట అరుదు. అందువలన తెరమీద 90 అని యున్నప్పుడు దెబ్బ నిజముగా తగులు అవకాశము 98.10 శాతము, 75 అని యున్నప్పుడు 87.75 శాతము అగుచున్నది. క్రిందివైపున 20 అని చూపినది నిజమునకు 8.20, 10 అని చూపినది కేవలము 2.10. ఆటగాని వీరులు సాధారణముగా పెద్ద అంకెలతోను, వారిమీదికి వచ్చు శత్రువులు చిన్న అంకెలతోను పోరుదురు గనుక, ఈ మార్పు రెండువైపులనుండియు ఆటగానికే మేలు చేయును. ఆ మేలు జరుగుచున్నదని మాత్రము ఆటలో ఎచ్చటను వ్రాసియుండదు.

దీనిని బయటపెట్టుటకు యంత్రమును విప్పనక్కరలేదు. తెరమీద 90 కనబడినప్పుడు వేసిన 200 దెబ్బలను వరుసగా వ్రాసికొన్నచో, అంకె నిజమైన పక్షమున సుమారు 20 తప్పవలెను. యాదృచ్ఛికమువలన కలుగు హెచ్చుతగ్గుల ప్రమాణమగు ప్రామాణిక విచలనము ఇచ్చట నాలుగుకు కొంచెము పైన. కాని రెండు సంఖ్యల పద్ధతిలో తప్పునవి సగటున నాలుగు మాత్రమే. ఉండవలసిన చోటికి దాదాపు నాలుగు విచలనముల దూరమున ఉన్న ఫలితమును ‘అదృష్టము’ అని త్రోసివేయుట ఎవరికిని సాధ్యము కాదు. ఇంతటి తేడాను ఆడుచున్నవారిలో చాలమంది గుర్తింపకపోవుటకు కారణము, మనుష్యుని మనస్సు తగిలిన దెబ్బలను లెక్కింపదు, తప్పినవానిని మాత్రమే జ్ఞాపకముంచుకొనును. 90 అని చూచి దెబ్బ తప్పినప్పుడు కలుగు ఆగ్రహమునకు నూటికి పదిసార్లు అట్లు జరుగుట న్యాయమేయన్న సమాధానము చాలదు. గేముల రూపకర్త సిడ్ మేయర్ 2010లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్సున ప్రసంగించుచు, మూడు పాళ్లకు ఒక పాలు చొప్పున తమకు అనుకూలమని చూపిన యుద్ధములో ఓడిపోయిన ఆటగాండ్రు గేమునే తప్పుపట్టుచుండిరని వివరించినది ఈ మనఃప్రకృతినే. మీరు ఆ ఆగ్రహమునకు జంకి, ఆటగాని మనస్సునకు నచ్చునట్లు యంత్రమును వంచితిరి.

మీ ఉద్దేశము దయయే కావచ్చును, కాదని నేననను. అయినను నా మనస్సు ఒప్పుకొనదు. పది పండ్రెండేండ్ల బాలునికి సంభావ్యత యనునది బడిలో పాఠముగా రాకముందే మీ గేములో అనుభవముగా వచ్చుచున్నది. పదింట తొమ్మిది యనగా ఏమో, నాలుగింట మూడనగా ఏమో, అతడు వందలకొలది దెబ్బలమీద చూచి, చేతులారా నేర్చుకొనుచున్నాడు. అట్టివానికి ‘90 అనగా ఇంచుమించు తప్పనిది, 10 అనగా ఇంచుమించు జరుగనిది’ అని నేర్పి పంపుట, ఎంతటి దయతో చేసినను, వానికి తప్పు పాఠము చెప్పుటయే. దయ చూపదలచినచో 98 అనియే వ్రాయుడు. వీరుని గురిని పెంచుడు, శత్రువు గురిని తగ్గింపుడు; అంకెను మాత్రము వట్టిది చేయకుడు.

దయ కాక కేవలము పొరపాటువలన తెరమీది అంకె వట్టిదైన సందర్భములును గలవు. స్క్వేర్ సంస్థవారు 1994లో సూపర్ ఫామికాం యంత్రమునకై ప్రకటించిన ‘ఫైనల్ ఫాంటసీ VI’ గేములో, ప్రతి పాత్రకును శత్రువు కత్తివేటును తప్పించుకొను నేర్పు ఒకటి, మంత్రమును తప్పించుకొను నేర్పు మరియొకటి వేర్వేరు అంకెలుగా చూపబడినవి. ప్రోగ్రాములోని దోషమువలన మొదటి అంకెను యంత్రము పట్టించుకొనదు; కత్తివేటైనను, మంత్రమైనను రెండవ అంకెతోనే తప్పించుకొనుట జరుగును. అదే దోషమువలన, కండ్లు కనబడని స్థితి యని పేరుపెట్టిన శాపము తగిలిన వీరుడు కత్తి విసరినప్పుడు అతని గురి ఏమాత్రము చెడదు. ఆ శాపమునుండి కాపాడు కండ్లద్దములు ఆటలో సామగ్రిగా ఉన్నవి. వానిని తొడిగించుటకై మరియొక ఉపయోగకరమైన ఆభరణమును వదలుకొన్న ఆటగాండ్రు ఎందరుందురో! కవచములను, డాళ్లను ఆ మొదటి అంకె పెరుగుటను బట్టి ఎన్నుకొనుచు ఆ మహాకథను ఆసాంతము ముగించినవారు వ్యర్థమైన శ్రమయే చేసిరి. 2006లో గేమ్ బాయ్ అడ్వాన్స్ కూర్పు వచ్చునప్పటికి గాని ఆ దోషము సవరింపబడలేదు.

ఇచ్చట పరీక్ష ఎంత చౌకగా జరుగునో గమనింపుడు. శాపము తగిలిన వీరుని గురి సగమునకు పడిపోవునని అనుకొందము. ఆ స్థితిలో అతనిచే 20 దెబ్బలు వేయించి చూడగా ఇరువదియు తగిలినచో, మన యూహ నిజమై యుండికూడ కేవలము అదృష్టమువలన అట్లు జరుగుటకు పది లక్షలలో ఒక్క వంతు అవకాశమైనను లేదు. కొలది నిమిషములలో ముగియు ప్రయోగముతో, ఆ శాపమువలన గురి సగమగునన్న మాట నిలువదని తేలిపోవును. ‘ఎప్పుడును తప్పదు’ అన్నదానిని ఖండించుట కొంచెము ఓపికతో కూడిన పని. 1996లో జపానులో వెలువడిన మొదటి పోకెమాన్ గేములలో, నూటికి నూరు శాతము గురిగల దెబ్బకూడ 256 సార్లలో ఒకసారి తప్పును. యంత్రము 0 నుండి 255 వరకు ఒక సంఖ్యను తీసి, అది 255 కంటె తక్కువైననే దెబ్బ తగిలినదనుచున్నది, 255 వచ్చినప్పుడు తప్పినదనుచున్నది. వేయి దెబ్బలు ప్రయోగించి చూచువానికి అట్టి తప్పు ఒక్కటైనను కనబడు అవకాశము 98 శాతము. కనబడిన ఆ ఒక్కటియే నూటికి నూరను మాటను కొట్టివేయుటకు చాలును. ఒక సంగతి ‘ఎప్పటికిని జరుగదు’ అని నిరూపించుట మాత్రము ఎన్ని ప్రయత్నముల వలనను కానిపని. ఈ తారతమ్యమును దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. నా మనవికి మూల మదియే.

లెక్కపెట్టువారందరును సరిగా లెక్కపెట్టుచున్నారని నేననను. ఫలితము తన యూహకు అనుకూలముగా కనబడిన మరుక్షణమున లెక్క ఆపివేయువాడు ఏ యూహనైనను నిరూపింపగలడు. ఇరువది వింత నమ్మకములను పరీక్షించినవానికి వానిలో ఒకటి, కేవలము యాదృచ్ఛికమువలన, నిజమైనట్లు కనబడుట సహజము. సేవ్ చేసిన చోటినుండి మరల మరల ఆడి నూరు ప్రయత్నములు చేసితినని సంతోషించువాడు, అనేక గేములలో యంత్రము యాదృచ్ఛిక సంఖ్యల వరుసనుకూడ సేవ్ చేసియుంచునని ఎరుగనిచో, ఒకే ప్రయత్నమును నూరుసార్లు చూచినవాడగును. కావున ఎన్ని ప్రయత్నములు చేయవలెనో, దేనిని పరీక్షింపవలెనో ముందుగానే నిర్ణయించుకొని, వచ్చిన ప్రతి ఫలితమును, నచ్చినను నచ్చకున్నను, వ్రాసికొనినవాని లెక్కకే విలువ. అట్టి నియమముతో లెక్కించువారు మీపై నిందలు తెచ్చుటయే కాదు, మీపై పడిన నిందలను తొలగించుటయు గలదు. పోకెమాన్ జీవిని పట్టుకొనుటకు విసరిన బంతి ఊగుచుండగా మీట నొక్కిపట్టినచో అది తప్పించుకొనదను నమ్మకము దేశదేశముల పిల్లలలో వ్యాపించి యున్నది. నొక్కి కొన్ని వందలు, నొక్కక కొన్ని వందలు విసరి రెంటిని పోల్చిచూచినవానికి దానిలో నిజములేదని తెలిసిపోవును.

ఈ సందర్భమున కల్యంపూడి రాధాకృష్ణారావు గారిని తలచుకొనక యుండలేను. హడగళిలో 1920లో ఒక తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధకులైన ఆ మహనీయుడు, 1945లో ప్రకటించిన వ్యాసములో, పరిమితమైన ప్రయత్నములనుండి నిష్పాక్షికముగా కట్టు ఏ అంచనాకైనను దాటరాని సూక్ష్మతయొక్క హద్దు ఒకటి గలదని నిరూపించిరి. క్రమేర్-రావు హద్దు అని లోకమున ప్రసిద్ధమైన ఆ సిద్ధాంతమును మన యాటకు అన్వయించినచో తేలునది, లెక్కించువాడు ఎంత తెలివిగలవాడైనను, తన అంచనాలోని దోషమును సగమునకు తగ్గించుకొనవలెనన్నచో ప్రయత్నములను నాలుగింతలు చేయక తప్పదని. 2023లో, మరణించిన సంవత్సరముననే, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి నందుకొన్న ఆ తెలుగు శాస్త్రజ్ఞుని సిద్ధాంతము, ఆటలో దెబ్బలు లెక్కించు కుఱ్ఱవానికిని వర్తించును. ప్రయత్నములు ఉచితమైనచోట నాలుగింతలు చేయుట కాలమును గూర్చిన ప్రశ్న మాత్రమే. ప్రతి ప్రయత్నమునకును సొమ్ము చెల్లింపవలసినచోట అది వేరు ప్రశ్న యగుచున్నది.

పూర్వము గేము ఒక కార్ట్రిడ్జిలోనో డిస్కులోనో ఆటగాని చేతికి వచ్చెడిది. లెక్కలవలన పుట్టిన అనుమానమును, కోడ్ చదువనేర్చినవారు విప్పిచూచి నిర్ధారణ చేయగలిగిరి. ఇప్పుడు గణనము మీ సర్వరులలో జరుగుచున్నది. ఆటగాని ఫోనునకు చేరునది ఫలితము మాత్రమే. ఈ కాలపు ఆటగానికి లెక్క తప్ప వేరు సాధనము లేదు.

ఆ లెక్క ఎంత దూరము పోగలదో చూపుటకు, 2020 సెప్టెంబరులో వెలువడి, మన తెలుగు యువకులుకూడ ఫోనులలో ఆడుచున్న ‘గెన్షిన్ ఇంపాక్ట్’ ఒక చక్కని ఉదాహరణము. ఐదు నక్షత్రముల పాత్ర లభించు అవకాశము ఒక్కొక్క పుల్‌కు, అనగా అదృష్టమును పరీక్షించు ఒక్కొక్క ప్రయత్నమునకు, 0.6 శాతమనియు, 90 పుల్‌లలోపల తప్పక లభించుననియు, ఆ హామీనికూడ కలుపుకొనగా మొత్తముమీద 1.6 శాతమనియు ఆ నిర్మాతలు గేములోనే వ్రాసియుంచిరి. వ్రాసినందుకు వారిని మెచ్చుకొనవలసినదే. కాగితము కలము తీసికొని ఈ మూడు అంకెలను కలిపి చూడుడు. ప్రతిసారియు 0.6 శాతమే యుండి, 90వ పుల్‌లో మాత్రము తప్పక లభించుచో, సగటున సుమారు 70 పుల్‌లకు ఒక పాత్ర రావలెను. అనగా మొత్తముమీద 1.4 శాతమునకు కొంచెము పైన. 1.6 శాతము కావలెనన్నచో 62, 63 పుల్‌లకే రావలెను. ప్రకటించిన అంకెలు తమలో తాము పొసగుటలేదు. కావున 90కి ముందెచ్చటనో అవకాశము పెరుగుచుండవలెను. ఎందరో ఆటగాండ్రు తమ తమ పుల్‌ల చరిత్రలను ఒక్కచోట పోగుచేసి, ఎన్నవ పుల్‌లో పాత్ర లభించినదో వరుసగా పేర్చి చూడగా, సుమారు 73వ దానివరకు చప్పగా సాగిన వరుస, 74వ దానినుండి నిట్టనిలువుగా లేచినది. ఆటగాండ్రు ‘సాఫ్ట్ పిటీ’ అని పిలుచుకొను నియమ మది. నిర్మాతలు నోట చెప్పని నియమమును, వారు చెప్పిన అంకెల పొత్తు కుదరకపోవుటయు, అపరిచితులైన జనుల ఉమ్మడి ఓపికయు కలిసి పట్టియిచ్చినవి. ఈ నియమము తెలిసిన ఆటగాడు తన సొమ్ము ఎప్పుడు ఆపవలెనో, ఎప్పుడు వెచ్చింపవలెనో తీర్మానించుకొనగలడు. తెలియనివాడు 70 దగ్గర విసిగి విరమించును. సొమ్ముతో ముడిపడిన ఇంతటి నియమమును గేములోనే ఒక్క వాక్యముగా వ్రాయుటకు మీకు అడ్డమైన దేమి?

కాని మేపుల్ స్టోరీ అను గేము వ్యవహారమున లెక్క ఓడిపోయినది. నెక్సాన్ సంస్థవారు నడపు ఆ కొరియా దేశపు ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేములో, ఆయుధములకును కవచములకును గల మూడు ప్రచ్ఛన్న గుణములను మార్చివేయు ‘క్యూబ్’ అను వస్తువును 2010లో అమ్మకమునకు పెట్టిరి. కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 2024 జనవరిలో ప్రకటించిన నిర్ణయము ప్రకారము, 2010 సెప్టెంబరునుండియే జనప్రియమైన గుణములు తక్కువగా వచ్చునట్లు అవకాశములను మార్చిరి. 2011 ఆగస్టునుండి కొన్ని మేలి గుణములు రెండుగాని మూడుగాని ఒక్కచోట చేరుట అసంభవమగునట్లు చేసిరి, అనగా ఆ కూర్పుల అవకాశము సున్న. అట్లు చేసియు మార్పేమియు లేదని ప్రకటించిరి. 2013లో ప్రవేశపెట్టిన బ్లాక్ క్యూబ్ ద్వారా అత్యున్నత శ్రేణికి చేరు అవకాశము మొదట 1.8 శాతముండగా, ఆ సంవత్సరాంతమునకే దానిని క్రమముగా 1.4కు, 2016 జనవరిలో 1 శాతమునకు తగ్గించి, ఆ సంగతిని ఆటగాండ్రకు తెలుపలేదు. మేపుల్ స్టోరీ, బబుల్ ఫైటర్ అను రెండు గేముల విషయమున కమిషన్ సుమారు 1,160 కోట్ల వన్‌ల జరిమానా విధించెను.

ఆటగాండ్రు ఇంతకాలము ఏల పసిగట్టలేకపోయిరి? వారు మందమతులు కారు. 1.8 శాతమును 1.4 శాతమునుండి వేరుచేసి గుర్తించుటకు, సాంఖ్యకశాస్త్రమున వాడుకలోనున్న సాధారణ ప్రమాణములతో చూచినను, ఆరువేలకు పైబడిన ప్రయత్నములు కావలెను. ప్రతి ప్రయత్నమును సొమ్ము పెట్టి కొన్న క్యూబే. తప్పుడు తూకపురాయిని పట్టుకొనుటకు అంగడిలోని సరుకంతయు కొనవలసివచ్చినట్లున్నది ఆ ఆటగాని స్థితి. ఇక సున్న సంగతి చెప్పనక్కరలేదు. 1 శాతము అవకాశముగల ఫలితమైనను 300 ప్రయత్నములలో ఒక్కసారియు కనబడకపోవుటకు 5 శాతము వరకు అవకాశ మున్నది. పదివేలలో ఒకటైన ఫలితము ముప్పదివేల ప్రయత్నములలో కనబడకపోవుటకును అంతియే. మూడు మేలి గుణములు ఒక్కచోట చేరిన కవచమునకై సంవత్సరములకొలది క్యూబులు కొన్నవాడు, తనకు రానిది అరుదైనదా, అసంభవమా యని ఏ లెక్కతో తెలిసికొనగలడు? అతనికి ప్రతి వైఫల్యమును ‘ఇంకొక్కసారి’ అనియే చెప్పును. కమిషన్ నిర్ణయమును చదువునప్పుడు నాకు అన్నింటికంటె బాధ కలిగించిన దిదియే. మోసపోయినవాని ఓర్పే అతనిని మోసములో నిలిపియుంచినది.

ఆ గుట్టు పైకి వచ్చినది ఆటగాని లెక్కవలన కాదు, నిర్మాతల నోటినుండి జారిన ఒక్క వాక్యమువలన. 2021 ఫిబ్రవరిలో వెలువడిన అప్‌డేట్ ప్రకటనలో, మరియొక వస్తువువలన లభించు అదనపు గుణములు ఇకమీదట సమానమైన అవకాశముతో లభించునట్లు సవరించుచున్నామని వ్రాసిరి. అంతవరకు సమానముగా లేవా యని ఆటగాండ్రు నిలదీసిరి. ఎలక్ట్రానిక్ తెరలు కట్టిన ట్రక్కులను వీధులలో నిలిపి నిరసన తెలిపిరి. మార్చినెలలో సంస్థవారు క్యూబుల అవకాశములను బయటపెట్టక తప్పినది కాదు. ఆ గుణములు సమానముగా వచ్చుచున్నవా లేదా యని తేల్చుటకు కార్ల్ పియర్సన్ 1900లోనే ప్రకటించిన కై-వర్గ పరీక్ష ఉన్నది. కాని ‘సమానముగా వచ్చును’ అని నిర్మాతలు ముందే ఒక మాట ఇచ్చియున్ననే ఆ పరీక్షలో తేలిన తేడా వారిని నిలదీయుటకు పనికివచ్చును. ఏ అంకెయు ప్రకటింపనిచోట దేనితో పోల్చి దేనిని కాదనవలెను? తరువాత కొరియాలో చట్టము వచ్చినది. యాదృచ్ఛికముగా లభించు వస్తువుల అవకాశములను ప్రకటించి తీరవలెనను నియమము 2024 మార్చి 22 నుండి అమలులో నున్నది. చైనాలో అట్టి నియమము 2017 మే నెలనుండియే కలదు.

చట్టము వచ్చిన దేశములలో చట్టమునకు భయపడి, రానిచోట మౌనము వహించి మీరు నడచుకొనుట నాకు న్యాయముగా తోచదు. సియోల్ నగరమున ఆడు యువకునికి చూపిన అంకెను విజయవాడలోనో వరంగల్లులోనో అదే గేమును ఆడు యువకునికి చూపుటకు మీకు కొత్తగా అయ్యెడి ఖర్చేమియు లేదు.

కావున నా మనవి. తెరమీద అవకాశమని ఏ అంకెను చూపుదురో, యంత్రమున ఆ అంకెతోనే గణింపుడు. ఆటగాని మనస్సును నొప్పింపకుండుటకై గణనమును మెత్తబరచదలచినచో, ఆ మెత్తబరచు పద్ధతిని గేములోని సహాయపుటలో ఉదాహరణముతో వ్రాయుడు. ఫైర్ ఎంబ్లెమ్ వంటి గేములో రెండు సంఖ్యల సగటును గూర్చి ఒక చిన్న పట్టిక చేర్చినంతమాత్రమున యుద్ధములోని ఉత్కంఠ తగ్గదు. తెలిసి ఆడువారు ఇప్పటికిని అంతే ఉత్సాహముతో ఆడుచున్నారు. సొమ్ముతో కొను ప్రతి యాదృచ్ఛిక ఫలితమునకును అవకాశమును ప్రకటింపుడు. అసంభవమైన కూర్పులను అసంభవములని పేరుపేరున చెప్పుడు, ఏలయన లెక్కించువానికి ఎన్నటికిని చిక్కనిది ఆ సున్నయే. అంకెను మార్చినప్పుడు పాత అంకెను, కొత్త అంకెను, మార్చిన తేదీని ఒక్క వరుసలో వ్రాయుడు. ఎవడైనను ఇన్ని ప్రయత్నములు, ఇన్ని ఫలితములు, ఈ పరీక్ష, ఈ తేడా యని లెక్కతో సహా మీకు వ్రాసినప్పుడు, అచ్చుకొట్టి యుంచిన మర్యాదపూర్వకమైన సమాధానమును పంపక, ఆ లెక్కను మీ ప్రోగ్రామరు బల్లమీద పెట్టుడు; ఫైనల్ ఫాంటసీలోని దోషము పండ్రెండేండ్లు నిలిచినట్లు నిలువనక్కరలేదు.

మరియొక చిన్న కోరిక. ఆటగాడు సొమ్ము వెచ్చించి చేసిన ప్రతి ప్రయత్నముయొక్క ఫలితము మీ సర్వరులలో నమోదై యున్నది. దానిని కొంతకాలము చూపి ఆపివేయక, అతడు ఆట మొదలుపెట్టిన నాటినుండి ఉన్న చిట్టాను అతడు కోరినప్పుడు ఒక ఫైలుగా దింపుకొనుటకు వీలు కలిగింపుడు. తేదీ, ప్రయత్నించిన వస్తువు, నాటికి ప్రకటితమైన అవకాశము, వచ్చిన ఫలితము: ఈ నాలుగు గడులు చాలును. వానితో ఏమి చేయవలెనో మాకు తెలియును.

ఇట్లు,
మీ గేములను ప్రీతితో ఆడుచుండు ఒక తెలుగు పాఠకుడు